అమ్మ పగలగొట్టిన గులాబిరాయి

కొల్లూరు ఫ్లాటులో ఆదివారం పొద్దున బల్లమీద ఉన్నవి: భూతద్దం, నునుపు లేని పింగాణీ పెంకు, ఉక్కు మేకు, చిన్న సీసాలో ఆమ్లం, పాత రుమాలు మూట. ఉన్నవాళ్లం అమ్మ, నేను. మూట విప్పగానే ఎర్రటి రాతి పలుకులతోపాటు మాంగనీసు దుమ్ము వాసన లేచింది.

బొంతపల్లిలో మా చిన్నతనమంతా ఆ వాసనే. లారీల్లో వచ్చిన మాంగనీసు గడ్డలను ఫ్యాక్టరీ యార్డులో ఏరే పని అమ్మది. ఎండాకాలం ఆ నల్లటి కుప్పలు పెనంలా కాలేవి, వానాకాలం వాటి కిందినుంచి సిరాలాంటి నీళ్లు మా వాడ దాకా పారేవి, బూడిదతో ఎంత తోమినా పోని మసి సద్దుల బతుకమ్మకు అమ్మ కట్టిన మలీద ముద్దలమీద వేలిగుర్తులై తేలేది, మేం వాటిని అలాగే తినేవాళ్లం. గులాబిరంగు గడ్డలు ఆమ్లంలో కరగవని పారేయించేవారు. ఆ ముక్కలే మాకు గచ్చకాయలు.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ ఒక గడ్డను కొంగులో దాచి ఇంటికి తెచ్చింది. దాని పైభాగాన ఎర్రటి స్ఫటికాలు పలకలు పలకలుగా నిలబడి ఉన్నాయి. అప్పటికే సాయంత్రమయ్యేసరికి ఆమె వేళ్లు వణికేవి, సూదిలో దారం ఎక్కేది కాదు.

పక్కింటి యాదమ్మ చూసి నవ్వింది. "ఏంది వదినె, దానిమ్మపండు తెచ్చినవా? ఒలిచి పెట్టు మరి!"

"నవ్వకే. ఇది అమ్ముడువోతే ఇగ ఆ దుమ్ముల కాలువెట్ట."

"పైననే గింత ఎర్రగుంటే లోపలెంత ఉంటదో. కొట్టి సూడు."

యార్డులో అదే పద్ధతి. సరుకెప్పుడూ గడ్డ లోపలే ఉండేది కాబట్టి, సుత్తితో రెండు చేసి లోపలి రంగు చూడనిదే ఎవరూ రాయిని నమ్మేవారు కాదు. అమ్మ కూడా గడపమీద పెట్టి ఒక్క దెబ్బ వేసింది. లోపల యార్డులో రోజూ పారేసే మామూలు గులాబిరాయే ఉంది. పైనున్న స్ఫటికాలన్నీ చీలికలై వాకిట్లో చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరి సంగారెడ్డిలో రంగురాళ్ల దుకాణానికి తీసుకెళితే, "గాజు పెంకులమ్మా, జల్దీ తియ్, గిరాకొస్తది" అన్నాడు దుకాణదారు. మర్నాడు అమ్మ యార్డుకు వెళ్లింది.

ఈ ఆదివారం, ఇన్నేళ్లకు, ఆ పలుకులను పరీక్షించాను. మేకుతో గీత పడలేదు. పెంకుమీద రుద్దితే తెల్లటి చార. ఆమ్లంలో పొంగు రాలేదు. చీలిక రెండు దిక్కుల్లో, దాదాపు లంబంగా. రోడోనైట్, మాంగనీసు సిలికేటు. రాయిగా అరుదేం కాదు, కానీ ఇంత పెద్ద స్ఫటికాలు గడ్డమీద చెక్కుచెదరకుండా దొరకడం చాలా అరుదు. అలాంటిదానికి అరుదైన రాళ్లు సేకరించేవాళ్లిచ్చే ధరతో అమ్మ ఆనాడే యార్డు మానేసేది.

"పగలగొట్టకుంటే ఏమన్న వస్తుండెనా, కొడుకా?" అంది.

"గాజసొంటిదే అమ్మా. ఏం రాకపోతుండె."

చాయ్ గ్లాసు ఆమె చేతిలో నిలవదు. నేనే పట్టుకుని తాగించాను. ఆ దుమ్ము నరాలకెక్కుతుందని కాలేజీకి వెళ్లాక చదివాను. ఇప్పుడు బొంతపల్లిలో యార్డు లేదు, కుప్పలు లేవు, వాటి చోట గోదాము రేకులున్నాయి. రాయి పగిలిన తర్వాత అమ్మ అక్కడ పనిచేసింది పదకొండేళ్లు.