హాస్టల్ గేటు తాళం

నా బిడ్డ నిద్రపోయాక వీధి తలుపు గడియ మళ్ళీ మళ్ళీ చూసుకుంటాను. మా ఆయన పనిమీద ముద్దనూరులో ఆగిపోయిన రోజుల్లో మరీను. పులివెందులలో కాపురం పెట్టినప్పటినుంచి ఇదే వరస. గడియ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ప్రొద్దుటూరులో మా హాస్టల్ గేటు గుర్తుకొస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, పల్లెల ఆడపిల్లలు బడి మానకుండా ఉండాలని ఊరి పెద్దలు కమిటీగా కూడి నడిపిన హాస్టల్ అది. సూపరింటెండెంటుగా గుంటూరు వైపునుంచి ఒకామెను తెచ్చారు. భర్త పోయినామె. గేటు పక్క గదే ఆమె ఇల్లు. ఏటా కమిటీ కూర్చుని ఆమెను ఇంకో ఏడాది ఉంచుకోవాలా వద్దా అని తేల్చేది. ఎప్పుడూ కాఫీలు చల్లారేలోపే తేలిపోయేది. నేను చెప్పబోయే ఏడు మాత్రం అలా తేలలేదు.

నా పక్కన పడుకునే అమ్మాయిది జమ్మలమడుగు దగ్గర పల్లె. వాళ్ళ ఇంటికి పాత పగలుండేవి. అలాంటి ఇళ్ళలో పిల్లలకు ఊహ తెలియగానే ఒకటి నేర్పుతారు: చీకట్లో బయటినుంచి పేరు పెట్టి ఎవరు పిలిచినా, ఎరిగిన గొంతైనా సరే, పలకకూడదు. ఆ ఏడు కమిటీ కూర్చోవడానికి కొద్దిరోజుల ముందు, ఒక రాత్రి, గేటు బయటినుంచి ఒక మగగొంతు ఆ అమ్మాయిని పిలిచింది. వాళ్ళమ్మకు ప్రాణం మీదికొచ్చిందని, జీపు తెచ్చానని చెప్పింది. సూపరింటెండెంటు లాంతరు పట్టుకుని మా గదిలోకి వచ్చింది.

"మీ నాన్నగారి గొంతేనా?"

ఆ అమ్మాయి దుప్పటి కొస నోట్లో పెట్టుకుంది. చివరికి, "తెలీదండీ" అంది.

తెల్లవారి తాళం తీస్తే గేటుకు ఆనుకుని కూర్చున్నది వాళ్ళ నాన్నే. వాళ్ళు ఇల్లు చేరేసరికి తల్లి లేదు.

హాస్టల్ వసారాలో కమిటీ కూర్చున్న సాయంత్రానికి ఆ అమ్మాయి వాళ్ళ నాన్నతో తిరిగొచ్చింది. అన్నాల గది కిటికీ వెనక నుంచుని మేమిద్దరం వింటున్నాం.

"ఏమ్మా, ఆయప్ప అంతసేపు మొత్తుకుంటాంటే నీకు ఇనపల్యా?" అన్నాడు సూపరింటెండెంటుతో కమిటీ పెద్ద, బట్టల షావుకారు.

"వినపడిందండి."

"మరి మనిషిని చూచ్చే ఏం పోయె?"

"గోడ అంత ఎత్తున లేపింది నువ్వే గదా మామా. నిచ్చెన గూడా ఇచ్చింటే చూసేది" అన్నారెవరో. కొందరు నవ్వారు. షావుకారు నవ్వలేదు.

"కోస్తా మనిషికి మన కడుపుకోత ఏం తెలుచ్చాది. ఈ యాడాదితో సాలు, పంపీండి" అని ఇంకో గొంతు.

ఆ రాత్రి ఈ అమ్మాయిని అడిగిన సంగతి ఆమె ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆ గది పోతే ఆమెకు వేరే చోటు లేదని మా అందరికీ తెలుసు. పక్కన ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది.

అప్పుడు వాళ్ళ నాన్న లేచాడు.

"ఆయమ్మను ఏమీ అనాకండప్పా. బిడ్డను ఈడ ఇడిసిపెట్టిన పొద్దు నేనే చెప్పినా, పొద్దుగూకినాక నా గొంతు ఇనపడినా తాళం తియ్యాకమ్మా, నా మాదిరి పిల్చేటోళ్ళు ఉండారు అని. నా మాటే నిలబెట్టింది."

ఆమెను ఇంకో ఏడాది ఉంచుకున్నారు.

అందరూ వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆమె తాళం పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఎంతకీ వెయ్యలేదు. ఆ అమ్మాయి వెళ్ళి ఎదురుగా నుంచుంది.

"వెయ్యమంటావా?" అని అడిగింది ఆమె, పిల్లను కాదు, పెద్దదాన్ని అడిగినట్టు.

"తెలీదండీ" అంది ఆ అమ్మాయి.

ఆ రాత్రి గేటు తెరిచే ఉంది. మర్నాడూ అంతే. రాత్రిళ్ళు గేటు తెరిచి ఉంటోందన్న సంగతి పల్లెలకు పాకి తండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకుపోసాగారు. నన్నూ తీసుకుపోయారు. ఆమె ఏమైందో నాకు తెలియదు.

నా బిడ్డకు ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. ఈ మధ్య ఎవరు పేరు పెట్టి పిలిచినా "ఆ" అని పలుకుతోంది. చీకట్లో వీధినుంచి పిలిస్తే పలకాలో, పలకకూడదో త్వరలో నేను చెప్పాలి. ఇప్పుడు గడియ చూసి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. అది నిద్రలో పెదవులు కదుపుతోంది.