మూడో కౌంటరు మరిది

మా మరిదికి ఒకటే పిచ్చి. సూపర్‌మార్కెట్లో వస్తువు ఏదైనా సరే, దాని ఒంటి మీదుండే నల్లగీతలు, అదే బార్‌కోడు, బిల్లు కొట్టే మనిషి వైపే చూడాలి. సబ్బు అడ్డం తిరిగినా, పాల ప్యాకెట్టు బోర్లా పడుకున్నా అతనికి ఊపిరాడదు.

ఈ పిచ్చి కౌంటరు దగ్గరే ఆగితే బాగుండేది. మా వంటింటి అల్మరాలో ప్యాకెట్లన్నీ గోడకి మొహం పెట్టి, మనకి వీపు చూపిస్తూ నిలబడతాయి. ఏది ఉప్పో ఏది పంచదారో తెలియక ఒక పొద్దున ఉప్పు కాఫీ కలిపాను. మా ఆయన ఒక గుక్క తాగి, నావైపు చూసి, నా నోటికి భయపడి గ్లాసు కింద పెట్టారు. మరిది మాత్రం గ్లాసు ఖాళీ చేసి "బావుంది వదినా" అన్నాడు. గీతలు సరిగ్గా ఉంటే చాలు, లోపలేముందో అతనికి అక్కర్లేదు.

తప్పు అతనిది కాదు, ఉద్యోగానిది. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేశాడు. సంచీ గుమ్మరించగానే స్టాంపులన్నీ ఒకే మూలకి వచ్చేలా పేర్చి పక్కవాడికి అందించాలి. ఆ పక్కవాడు చెయ్యి ఆపకుండా ముద్ర కొట్టుకుంటూ పోతాడు. రిటైరైన రోజున అందరూ పొగిడి ఇంటికి పంపారు. చేతులకి మాత్రం ఎవరూ ఆ కబురు చెప్పలేదు.

మాకు దగ్గర్లో రెండు కొట్లున్నాయి. ఒకటి పెద్ద సూపర్‌మార్కెట్. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, లోపల చల్లగా ఉంటుంది, జామ్ సీసాలే నలభై రకాలు. బిల్లు కొట్టే పిల్ల "బాగున్నారా అమ్మా" అని అడిగి, కుర్చీ చూపించి, సామానంతా తనే సంచీలో సర్ది చేతికిస్తుంది. నాకదే ఇష్టం. ఇన్నేళ్ళకి ఒకరు నన్ను కూర్చోమనే చోటు దొరికితే వదులుకుంటానా? రెండోది చౌక సూపర్‌మార్కెట్. సరుకంతా చింపిన అట్టపెట్టెల్లోనే ఉంటుంది, జామ్ ఒకటే రకం, నచ్చితే తీసుకో లేకపోతే పో. పలకరింపుల్లేవు. బిల్లు కొట్టేవాళ్ళు మనవైపు తోసేస్తుంటారు, మనం పట్టుకోవాలి.

మరిదిని ఒకసారి పెద్దదానికి తీసుకెళ్ళాను. మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. "అన్నీ వాళ్ళే చేసేస్తున్నారు వదినా, అక్కడ మనకి పనేముంది?" అన్నాడు. డబ్బిచ్చి కొనుక్కునే చోట పని వెతుక్కునే మనిషిని నేను అతనొక్కణ్ణే చూశాను.

చౌకదానికి మాత్రం వారానికి ఒకసారి వెళ్ళేవాడు కాస్తా ఈ మధ్య రోజూ వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకరోజు రొట్టె తెస్తాడు, ఒకరోజు సబ్బు, మళ్ళీ రొట్టె. ఇంట్లో ఉన్నది ముగ్గురం, రొట్టెలు ఏడు. మిగతా కౌంటర్లు ఖాళీగా ఉన్నా మూడో కౌంటరు వరసలోనే, అదీ ఎక్కువమంది ఉన్నప్పుడే నిలబడతాడట. తన రొట్టె ఒక్క క్షణంలో తిప్పేసి, ఆపైన ముందువాళ్ళ సామాను మీద పడతాడు.

ఒక లారీ డ్రైవరు కౌంటరు ముందు సామాన్ని లాక్కుపోయే బెల్టు మీద నూనె సీసా పెడితే మనవాడు తిప్పాడు. డ్రైవరు మళ్ళీ మొదటిలాగే పెట్టాడు. మనవాడు మళ్ళీ తిప్పాడు.

"పెద్దాయనా, అది నా నూనె."

"మీదేనండీ. తిరగబడి ఉంది."

ఇంకోరోజు ఒక నర్సమ్మ గుడ్ల అట్ట తిప్పబోతే ఆవిడ చేతిమీద ఒక్కటిచ్చింది. ఇలా నాలుగైదు ఫిర్యాదులయ్యాక మేనేజరు అతన్ని పక్కకి పిలిచి, ఇంకొక్కరు ఫిర్యాదు చేస్తే కొట్లో అడుగుపెట్టనివ్వనని చెప్పేశాడు. ఆ రోజు మరిది అన్నం ముట్టలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకెళ్ళి, నా ఎదుటే మేనేజరుకి మాటిచ్చాడు, ఇక పరాయి సామాను ముట్టనని. నేను జామీను అన్నమాట. అతని చేతుల మీద కన్నేసి ఉంచడం నా పని.

వచ్చాం కదా అని ఒక రొట్టె తీసుకుని మూడో కౌంటరు వరసలో నిలబడ్డాం. మరిది చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మా ముందున్న మనిషి ట్రాలీ నిండా సామాను తెచ్చి, చెత్త కుమ్మరించినట్టు బెల్టు మీద కుమ్మరించాడు. మరిది వేళ్ళు వీపు వెనక వాటంతటవే కదులుతున్నాయి.

అప్పుడు చూశాను బిల్లు కొట్టే ఆవిడని. యాభై దాటి ఉంటుంది. చొక్కా చేతికింద మణికట్టుకి పట్టీ. ఒక్కొక్క వస్తువునీ ఇటు తిప్పి, అటు తిప్పి, గీతలు దొరికేసరికి పెదవి కొరుక్కుంటోంది. ఆవిడ పక్కన తెర మీద పంతొమ్మిది అని ఉంది. అటుపక్క కౌంటరులో ఇరవై ఆరు, దాని పక్కన ఇరవై ఎనిమిది. అక్షరాలు నాకు అంతంతమాత్రమే గానీ అంకెలు ఎవరికీ తీసిపోకుండా వచ్చు.

"ఏమయ్యా, ఆ పంతొమ్మిదేమిటి?" అన్నాను.

డొక్కలో పొడిస్తే గానీ చెప్పలేదు. ఈ నెలలో సగటున నిమిషానికి ఎన్ని వస్తువులు కొడుతోందో ఆ లెక్కట. నెల మొత్తానికి ఇరవై రాకపోతే పనిలోంచి తీసేస్తామని మేనేజరు ఆవిడతో అంటుంటే వరసలో నిలబడి విన్నాడట. నెలాఖరుకి ఇంకా మూడు రోజులున్నాయి.

"ఆ చెయ్యి చూపించి సెలవడగొచ్చుగా?"

"చూపిస్తే ఇవాళే పంపేస్తారని దాస్తోంది వదినా. మెలితిప్పితేనే నొప్పి. గీతలు తనవైపుంటే మెలితిప్పక్కర్లేదు."

"మరి నువ్వెందుకు తిప్పుతున్నావో ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే మొహమాటపడుతుంది. పిచ్చివాణ్ణనుకుంటోంది, అదే నయం."

నేను అతన్ని పక్కకి నెట్టి ముందుకెళ్ళాను. సబ్బులు తిప్పాను. పిండి ప్యాకెట్టు తిప్పాను. సామాను తాలూకు మనిషి నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"తిరగబడి ఉంది. నేను ముట్టుకుంటే అరిగిపోతుందా?"

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. చూస్తే మరిది చేతులు బుద్ధిగా వీపు వెనకే ఉన్నాయి.

"మీ వాళ్ళు మాటిచ్చారు కదండీ" అన్నాడు నాతో.

"అతనిచ్చాడు. నేనేమైనా ఇచ్చానా?"

మేనేజరు సామాను మనిషి వైపు చూశాడు, ఫిర్యాదు చేస్తాడేమోనని. ఆ మనిషి వాచీ చూసుకుని, "పోనివ్వండి సార్, వరస తొందరగా కదులుతోంది" అన్నాడు. నాతో పెట్టుకోవడం ఎందుకనుకున్నాడేమో కూడా.

ఆ మూడు రోజులూ వెళ్ళాను. నా పెద్ద సూపర్‌మార్కెట్నీ, "బాగున్నారా అమ్మా"నీ వదులుకుని, అట్టపెట్టెల మధ్య పొద్దున్నించి సాయంత్రం దాకా రొట్టెకో వరస, సబ్బుకో వరస నిలబడ్డాను. మరిది వెనకనుంచి "అది, అది, ఆ డబ్బా" అని గొణుగుతుంటే నేను తిప్పాను. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ, మూడో రోజు సాయంత్రం కొట్టు మూసే వేళకి తెర మీద ఇరవై పడింది. ఆవిడ ఆ అంకెని కాసేపు చూసి, పట్టీ మీద చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, మా రొట్టె అందుకుంది. బార్‌కోడు సరిగ్గా తనవైపే ఉంది. ఆవిడ నన్నూ మరిదినీ ఎగాదిగా చూసి, మా వెనకున్నావిడతో మెల్లిగా అంది:

"ఈ జబ్బు వీళ్ళ ఇంట్లో అందరికీ ఉన్నట్టుంది."

నన్ను ఒక మాట అని, తిరిగి నాలుగు తినకుండా పోయినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. నేను సంచీ అందుకుని, ఆవిడకి ఒక నవ్వు నవ్వి, మరిదిని తీసుకుని ఇంటికొచ్చేశాను.