వెంకన్న తీసిన మా అమ్మ ఫోటో

నిన్న పొద్దున వదిన ఫోన్ చేసి "సునీతా, మీ అన్న ఇగ లేడు" అంది.

సూర్యాపేటలో మా స్కూల్ ఫస్ట్ బెల్ కొడుతున్నారు. నాకు ఆ మాట ఎక్కలేదు.

మొన్న సాయంత్రమే కదా స్టేటస్ పెట్టాడు, మిల్లు పొగని ఊదా రంగులోకి మార్చి! నేను హార్ట్ కూడా కొట్టాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

తెలియని వాళ్ళకి చెప్తున్నా. వెంకన్న మా పెద్దమ్మ కొడుకు. మిర్యాలగూడలో రైస్ మిల్లు కాంటా దగ్గర ఉద్యోగం. సెలవు దొరికితే ఫోన్ కెమెరా, ఎడిటింగ్ యాప్స్, అదే లోకం.

లారీల మీద వెన్నెల కురిపించేవాడు. వరి పొలంలో సముద్రం పెట్టేవాడు.

"ఇదేం పిచ్చన్నా" అంటే, "ఉన్నది అందరు తీస్తరు చెల్లె" అని నవ్వేవాడు.

నేను పాకే వయసులోనే మా అమ్మ పోయింది. అమ్మతో నాకు ఒక్క ఫోటో లేదు. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అన్నకి తెలుసు.

ఒక చలికాలం పొద్దున నన్ను సాగర్ కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళాడు. అంతా మంచు. నీళ్ళెక్కడో, గట్టెక్కడో తెలియట్లేదు.

"జర పక్కన జాగ ఇడిసి నిలబడు. పిన్ని వస్తది" అన్నాడు. వాడికి పిన్ని అంటే మా అమ్మే.

నిలబడ్డాను.

నిజంగానే ఎవరో నడిచి వస్తున్నట్టు అనిపించింది. పక్కకి తిరిగి చూడాలంటే భయమేసింది.

తర్వాత ఎవరిదో పాత పెళ్ళి ఫోటోలోంచి అమ్మని తీసి ఆ మంచులో నిలబెట్టాడు. అమ్మ నావైపు చూడాలని బొమ్మని అటుదిటు తిప్పేశాడు. పాపం, దాంతో చీర కొంగు కూడా తిరిగిపోయింది.

కోదాడలో ఉండే మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, చూడగానే పట్టేసింది. "ఇదేంట్రా, కొంగు కుడి భుజం మీద వేశావు? మా అక్క ఎప్పుడన్నా ఇలా కట్టిందా?"

అన్న నాలుక కరుచుకున్నాడు. "మళ్ళ పోదాం చెల్లె. ఈసారి ఇటు పక్క నిలబడు, సరిచేస్త."

నేను వద్దన్నాను. అందులో అమ్మ నన్నే చూస్తోంది. కొంగు ఎటుంటే నాకేంటి? ఆ పొద్దున నేను అమ్మతోనే ఉన్నాను. ఇప్పటికీ నాకు అలానే గుర్తు.

అంత గొడవ చేసిన పిన్ని, ఊరికి బయల్దేరేముందు మెల్లగా "నన్ను కూడా అక్క పక్కన పెట్టరా" అంది.

నిన్న మిర్యాలగూడలో, ఫ్లెక్సీకి ఫోటో కోసం అన్న ఫోన్ గ్యాలరీ వెతుకుతుంటే అది కనిపించింది. ఎప్పుడు తీశాడో!

కాలువ గట్టు. మంచు. పట్టుచీరలో మా పిన్ని. పక్కన ఖాళీ.

ఎడిటింగ్ ఇంకా మొదలే పెట్టలేదు.

వదిన ఏడుస్తూనే "చిన్నత్తా, వేరేటోళ్ళతోనన్న చేయించి ఇస్త" అంది.

పిన్ని ఆ ఫోన్ తీసుకుని, ఫోటోలో తన పక్కనున్న ఖాళీ మీద వేలు పెట్టింది.

"వద్దమ్మా, అలానే ఉండనివ్వు. ఇప్పుడు వాడు కూడా అక్కడే కదా నిలబడాలి."

పోయిరా అన్నా. నీకు నచ్చిన వెలుగు దొరకాలి. నీ మనసు నిమ్మళంగా ఉండాలి.