కొంగ స్టాంపు

ఫిల్మ్‌నగర్‌లో ఒక హీరో ఆఫీసు ఊడ్చేదాన్ని. అభిమానుల ఉత్తరాల కవర్లన్నీ వెనక కుప్ప పోసేవాళ్ళం. ఓ సాయంత్రం ఎర్రగడ్డ బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఆ కుప్పలోని కవరు కనిపించింది. దాని మీది స్టాంపును గోటితో గీకుతున్నాడు. నాకప్పటికి అక్షరాలు రావు. పొద్దున ఊడుస్తూ చూసిన ఆ స్టాంపు మీది తెల్లకొంగను మాత్రం గుర్తుపట్టాను.

"ఏంది సారూ, కొంగ కోసం చెత్తకుప్ప తవ్వినవా?"

"మా ఆవిడ ఆసుపత్రిలో ఉందమ్మా. గోడవైపు తిరిగి పడుకుంది. మాట్లాడదు, తినదు. అడవి పిట్టల స్టాంపులంటే తనకి ప్రాణం. ఈ కొంగ ఒక్కటే దొరకలేదని ఏళ్ళ తరబడి వెతికింది. ఇది చూపిస్తేనైనా..."

గీకుతున్న గోరు జారింది. కొంగ కాలి దగ్గర కాగితం లేచింది.

"చినుగుతది, ఆపు!" అని కసిరాను. "ఇంట్ల ఎవరు తీస్తరు గివి?"

"తనేనమ్మా. నీళ్ళలో వేసి, అది ఊడేదాకా కదలకుండా కూర్చునేది."

"మరి ఆమె పని నువ్వెందుకు చేస్తున్నవ్?"

అతను గీకడం ఆపి గోరు వెనక్కి తీసుకున్నాడు. అంతలో ఎర్రగడ్డ వచ్చింది. నా సద్దిగిన్నె మూత ఊడదీసి అతని చేతిలో పెట్టాను.

"గీండ్ల నీళ్ళు పోసి ఆమె ముందర పెట్టు. పో."

కవరునూ మూతనూ గుండెకు అదుముకుని దిగి, ఆసుపత్రి గేటు వైపు పరుగెత్తాడు.

ఆమె ఇటు తిరిగిందో లేదో నాకు తెలియదు. ఆ గిన్నెకు మాత్రం మళ్ళీ మూత కొనలేదు. ఇప్పటికీ దాని మీద పళ్ళెమే బోర్లిస్తాను.