అత్తగారి ఎరువు డ్రమ్ము

ఏలూరులో మా అద్దె ఇంటి పెరట్లో పాత పెయింటు డ్రమ్ముకి చిల్లులు పొడిచి, కూరగాయల తొక్కలతో ఎరువు చేస్తానంటే మా ఆయన నవ్వారు. సరదాపడింది మా అత్తగారొక్కరే. దాని దగ్గర నిలబడ్డానికి ఆవిడకు ఇబ్బందేమీ లేదు మరి. కిందటేడు జ్వరం తగ్గాక ఆవిడ ముక్కు పనిచేయడం మానేసింది. మల్లెపువ్వూ ఇంగువా ఒకటే. డాక్టరు "రావచ్చు, చూద్దాం" అన్నాడు. చూస్తూనే ఉన్నాం.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి పక్కన కలిదిండి. చేపల పులుసు నాలుక మీద వేసుకోకుండానే, ఆవిరి వాసన పట్టి దింపే మనిషి. ముక్కు పోయాక గరిటె నా చేతికిచ్చేసి, "నా వల్ల కాదే అమ్మాయ్, కళ్లు మూసుకుని వండినట్టుంది" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. నా పులుసు ఇంట్లోవాళ్లు మొహమాటానికి తినేవారు.

ఇక పొద్దస్తమానం డ్రమ్ము దగ్గరే ఆవిడ. తొక్కలు వేసి, ఎండాకులు చల్లి, చెయ్యి లోపలికి పెట్టి చూసేవారు.

"ఏవే, ఇలా రా! నిప్పు లేకుండా ఇంత వేడెక్కడిదే?"

నేనూ పెట్టి చూశాను. నిజమే, స్నానానికి కాచిన నీళ్లంత వేడి! అరటితొక్క ఏమైపోయింది, గుడ్డు పెంకు ఎందుకు అలాగే ఉంది, ఈ పురుగులు ఎక్కణ్ణుంచి దిగాయి... కాఫీ చల్లారిపోతున్నా మా ఆరాలు తెగేవి కావు.

ఓ ఆదివారం మా ఆయన కొల్లేటి కొరమేను తెచ్చారు. దాని పొలుసులు, పేగులు అత్తగారు డ్రమ్ములో పడేశారు. "ఇదెలా మట్టవుద్దో చూద్దామే" అన్నారు. ఆ ఉత్సాహంలో పైన ఆకులు కప్పడం మరిచిపోయారు.

రెండు మూడు రోజులకే పక్కింటావిడ కిటికీలోంచి కేకేసింది. "ఏవండీ, మీ పెరట్లో ఏదన్నా చచ్చిందాండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని విసురుగా మూత తీశాను. నా వెనకే వచ్చి అత్తగారు వంగి చూశారు.

"ఛీ ఛీ! ఏం కంపే ఇది!"

"మరి చేప పేగులు వేసిందెవరండీ అత్తయ్యగారూ? మీరే కదా..." అంటూనే ఆగిపోయాను.

ఆవిడ చెయ్యి ముక్కు మీదకు వెళ్లింది. నాకు ఏడుపొచ్చేసింది. ఏం చేయాలో తోచక మూత అందుకోబోతే, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఉండవే, అప్పుడే మూసెయ్యకు" అని, మళ్లీ డ్రమ్ములోకి వంగి గుండెల నిండా పీల్చారు.