మా వార్డ్ ఎలక్షన్లకి కారు నడిపిన నర్సింగరావు అంకుల్

నిన్న పొద్దున లెటర్‌బాక్సుల్లో నా ఎలక్షన్ లీఫ్‌లెట్స్ వేస్తున్నా. విమల ఆంటీ ఫోన్.

"మీ అంకుల్ ఇగ లేడమ్మా. ఛాయ్ తాగుకుంట కుర్చీలనే..."

ఆ తర్వాత ఆంటీ ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఎవరింటి గేటో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మొదట ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

వచ్చే గురువారం పోలింగ్. ఈ మనిషి ఇప్పుడు పోవడమేంటి?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నర్సింగరావు అంకుల్‌ది కరీంనగర్. ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. శనివారాలు మా వార్డ్ లైబ్రరీ వెనక గదిలో మన పిల్లలకి తెలుగు నేర్పేవారు. పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిస్తే వినబడనట్టు కూర్చునేవారు.

2008లో నేను ఈ ఊరొచ్చినప్పుడు మా తలుపు కొట్టిన మొదటి తెలుగు మనిషి ఆయనే.

"ఓటు రాయించుకున్నవా అమ్మా?"

వీసా మీదున్నాం, మాకెక్కడి ఓటు అంకుల్ అన్నాను. అంతే. మనలాంటి కామన్వెల్త్ దేశాల వాళ్లకి బ్రిటిష్ పౌరసత్వం లేకపోయినా ఇక్కడ ఓటు ఉంటుందని గుమ్మంలోనే క్లాస్ మొదలుపెట్టారు. పొయ్యి మీద నా పప్పు మాడిపోయింది. అయినా ఆపలేదు.

మా వార్డ్ ఎలక్షన్ చరిత్ర చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. ఎప్పుడూ ఒకే పార్టీ. 2011లోనూ అంతే. మనవాళ్లు అసలు ఓటే వేయరు. వర్షం అంటారు, షిఫ్ట్ అంటారు, మనమొక్కళ్లం వేస్తే ఎంత, వేయకపోతే ఎంత అంటారు. అలాంటివాళ్లని ఇంటింటికీ వెళ్లి కారెక్కించి పోలింగ్ స్టేషన్ దగ్గర దింపడం అంకుల్ పని. ఎవరూ అప్పగించలేదు. ఆయనే నెత్తినేసుకున్నారు.

2015లో కౌన్సిల్ ఆ లైబ్రరీ మూసేస్తామంది. అది ఆపాలని ఆ ఏడు ఎలక్షన్లో నేను ఇండిపెండెంట్‌గా నిలబడ్డాను. నా మానాన నేను ఉద్యోగం చేసుకుంటుంటే నిలబెట్టింది ఎవరనుకున్నారు?

"మరి క్లాస్ యాడ పెట్టుకుందాం? బస్టాప్ల పెట్టుకుందామా?" అన్నారు.

పోలింగ్ ముందురోజు ఆయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మనకి వేస్తామన్నవాళ్లనే కారెక్కించండి అంకుల్, ప్లీజ్. సరే సరే అన్నారు.

మధ్యాహ్నం నేను పోలింగ్ స్టేషన్ బయట నిలబడి ఉన్నాను. అంకుల్ కారొచ్చింది. దిగి, వెనక డోర్ తెరిచి, గొడుగు పట్టి, డోరీన్‌ని చెయ్యి పట్టుకుని దింపుతున్నారు. డోరీన్ ఆయన పక్కింటి ముసలావిడ. ఆవిడ కిటికీలో అవతలి పార్టీ పోస్టర్ నెల రోజుల నుంచి ఉంది.

నాకు ఒళ్లు మండింది. పక్కకి పిలిచి అడిగాను. అంకుల్, ఆవిడ కిటికీలో ఎవరి పోస్టర్ ఉందో చూశారా?

"చూసిన. ఆమె మోకాలు గూడ చూసిన."

మళ్లీ కారెక్కి వెళ్లిపోయారు.

చీకటి పడేదాకా ఆ కారు ఆగలేదు. కర్రలతో దిగుతున్నారు, వాకర్లతో దిగుతున్నారు, చంటిపిల్లలతో దిగుతున్నారు. సగంమంది కోటు మీద అవతలి పార్టీ స్టిక్కర్! వాళ్లు నాకు నవ్వుతూ చెయ్యి ఊపి మరీ లోపలికెళ్లారు.

పదకొండు ఓట్లతో ఓడిపోయాను.

రీకౌంట్ అడిగాం. మళ్లీ పదకొండే.

ఆయన కారులోంచి దిగిన అవతలివాళ్లు అంతకంటే ఎక్కువే. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. కౌంటింగ్ హాల్ బయట మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు.

"తప్పయిందని మాత్రం అననమ్మా. వాళ్లు రాలేక ఇంట్ల కూసుంటే, మనం గెలిచినమని ఎట్ల చెప్పుకుంటం?"

నేను లేచాను. ఆయన కారులో ఎక్కలేదు. టాక్సీలో ఇంటికొచ్చాను.

లైబ్రరీ మూసేశారు. తెలుగు క్లాస్ అంకుల్ వాళ్ల ఫ్రంట్ రూమ్‌కి మారింది. శనివారం వచ్చిందంటే హాలంతా పిల్లల బూట్లు. ఆంటీ పాపం వంటింట్లో నిలబడి ఫోన్‌లో సీరియల్ చూసుకునేది. ఇదంతా ఎవరివల్ల అంకుల్ అని దెప్పితే, "ఇల్లు నిండుగున్నది, నీకేం నొప్పి?" అనేవారు.

ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడతాం చెప్పండి.

నాలుగేళ్లకి ఇప్పుడు మళ్లీ నిలబడ్డాను. ఆ బిల్డింగ్ ఇంకా ఖాళీగానే ఉంది. తెరిపించాలంటే ఇదే ఆఖరి ఛాన్స్, అమ్మేస్తారని అంటున్నారు. అందుకే ఈసారి అంకుల్‌ని కారు ముట్టుకోవద్దన్నాను. మా టీమ్ అందరి ముందూ ఒట్టేయించుకున్నాను. బుద్ధిగా వేశారు.

నిన్న ఆంటీ పక్కన కూర్చుని ఉంటే అంకుల్ ఫోన్ మోగుతూనే ఉంది. ఆంటీ ఎత్తలేక నాకిచ్చింది.

గురువారం ఎన్నింటికి వస్తున్నావు రావ్, అని ఎవరో పెద్దాయన.

తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు.

అందరికీ మాటిచ్చేశారు! నా ముందు ఒట్టేసి, ఇంటికెళ్లి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వస్తానని చెప్పుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కొక్కరికీ విషయం చెప్పడం, వాళ్లు ఏడవడం, నేను ఏడవడం.

ఒక ముసలావిడ చాలాసేపు ఏడ్చింది. నేనెవరో చెప్పాను. ముక్కు చీదుకుని, "నేను నీకు వేయను తల్లీ, ముందే చెప్పేస్తున్నా. నా సంగతి వదిలెయ్" అంది.

ఆంటీ నా మొహమే చూస్తోంది.

"పదిన్నరకి వస్తాను, రెడీగా ఉండండి" అన్నాను.

చూశారా అంకుల్, నాతో ఏం చేయించారో. ఈసారి కూడా ఓడిపోయేలా ఉన్నాను.

వెళ్లిరండి. అక్కడైనా వెనక సీట్లో హాయిగా కూర్చోండి. గురువారం కారు నేను నడుపుతాను.