గవాచి మీద సోలార్

హిందూపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే నేను పెనుకొండలో దిగుతాను, బ్యాంకాయన ధర్మవరం దాకా పోతాడు. నేను దిగేలోపల దేశానికి కరెంటు సంగతి తేల్చేయాలని మా ఇద్దరికీ ఒకటే పట్టుదల. ఆయనది అణువిద్యుత్తు పార్టీ, నాది సూర్యుడి పార్టీ. ఆయన బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుంటాడు, నేను హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. దేశం మమ్మల్ని సలహా అడిగిన దాఖలా లేదు. అయినా మా రైలు పెట్టెలోని సీజన్ టికెట్ల వాళ్ళు మా వాదన మొదలైతే గాని ఇడ్లీ పొట్లాలు విప్పేవాళ్ళు కాదు.

"సాయంత్రం కాగానే మీ సూర్యుడు ఇంటికి పోతాడు సార్. అప్పుడు దేశం ఏం చేయాలి, పడుకోవాలా?" అని ఆయన మొదలుపెట్టేవాడు.

"మీ అణుకేంద్రం మిగిల్చే చెత్త ఎక్కడ దాస్తారు, మీ బ్యాంకు లాకర్లోనా?" అని నేను.

"మీ సోలార్ పలకలు పరచడానికి ఎంత నేల కావాలో తెలుసా? ఇంక వేరుశనగ ఎక్కడ వేస్తారు, రైలు పట్టాల మధ్యలోనా?"

"మీ కేంద్రం కట్టడం అయ్యేలోపల మనిద్దరికీ పెన్షన్ వస్తుంది."

ఒకరోజు కూతురింటికి వచ్చి తిరిగిపోతున్న రామగిరి పెద్దాయన ఒకాయన మా ఎదురుగా కూర్చున్నాడు. అంతా విని, కండువాతో మొహం తుడుచుకుని, "మా కొండల్లో బంగారం తవ్వేటప్పుడు ఊరు మారిపోతాదన్నారు. ఇప్పుడు కొండ మీద గాలిమరలు తిరగతాండాయి, ఊరు మారిపోతాదంటాండారు. నేను మాత్రం ఎప్పుడూ అదే గుంతల దోవన నడిచి ఇంటికి పోతాండా" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. ఆయన నా తరఫున మాట్లాడాడని నేను, తన తరఫున మాట్లాడాడని బ్యాంకాయన, ఇద్దరం తల ఊపాం.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఇలా ఏళ్ళు గడిచేవే. కానీ ఒకనాడు బ్యాంకాయన నన్ను దెబ్బ కొట్టాడు. "ఇన్ని చెప్తారు గదా సార్, మీ ఇంటి మీద పెట్టించారా?" అన్నాడు. నాది హిందూపురంలో అద్దె ఇల్లు. ఇంటాయన మిద్దె మీద బట్టలు ఆరేసుకోనివ్వడమే ఎక్కువ. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదని పెట్టెలో ఎవరో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పెనుకొండలో దిగేసరికి నాకొక ఇల్లు దొరికింది. ధర్మవరంలో మా అక్క ఇల్లు.

అది నాయన కట్టిన ఇల్లు. నాయన తవ్విన గుంట మగ్గంలోనే అక్క ఇప్పటికీ కాళ్ళు పెట్టుకుని కూర్చుని పట్టుచీరలు నేస్తుంది. బావ బట్టల అంగట్లో పనికి పోతాడు కాబట్టి మగ్గం అక్కది ఒక్కదానిదే. మిద్దె కప్పులో, సరిగ్గా మగ్గం మీదికి, నాయన ఒక గవాచి పెట్టించాడు. చదరంగా ఒక కంత, వాన పడకుండా దాని మీద మందపాటి అద్దం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురు అందులోనుంచి నేరుగా దారాల మీద పడుతుంది. చిన్నప్పుడు నేను ఆ మగ్గం పక్కనే కూర్చుని చదువుకున్నాను. దుమ్ము తేలుతూ ఏటవాలుగా దిగే ఆ వెలుగును చేత్తో పట్టుకోబోయేవాణ్ణి. కాంతి తిన్నగా ప్రయాణిస్తుందని పుస్తకం చెప్పకముందే నాకు తెలుసు. ఇప్పటికీ ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లలకు మా ఇంటి గవాచి సంగతే చెప్తాను.

అక్కను ఒప్పించడం కష్టం కాలేదు.

"మనకేమిటికప్పా అవి? మనకొచ్చే బిల్లు యాపాటిది?" అంది.

"బిల్లు కోసం కాదక్కా, దేశం కోసం."

"దేశమంతా మన మిద్దె మీద యాడ పడతాదిరా?" అని నవ్వి, "చదువుకున్నోడివి చెప్తాండావు. ఏయించుపో" అంది.

ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ తల దించుకుంటాను.

పలకలు బిగించిన రోజు అక్కా బావా పరిగిలో పెళ్ళికి పోయారు. ఇంటి తాళం నా చేతిలో ఉంది. సోలార్ కంపెనీ మనిషి నిచ్చెన వేసి మిద్దె ఎక్కి, సెల్‌ఫోన్ పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాడు. ఒక పక్క నీళ్ళ ట్యాంకు నీడ, ఇంకో పక్క పొరుగింటి గోడ నీడ. చివరికి ఒకచోట నిలబడి, "ఇక్కడ సార్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క నీడ పడదు" అన్నాడు. నాయన ఏ ఫోనూ లేకుండా అదే చోటు కనుక్కున్నాడన్న ఆలోచన నాకు రాలేదు. ఆ సమయంలో నేను మా రైలు వాట్సాప్ గ్రూపుకు ఫోటో పంపుతూ, కింద ఏం రాస్తే బ్యాంకాయనకు బాగా తగులుతుందా అని వెతుకుతున్నాను.

"సార్, ఇక్కడ కింద ఏదో అద్దం ఉంది" అని కంపెనీ మనిషి పిలిచాడు.

"పాతకాలం గవాచి లెండి. ఇప్పుడు లైట్లున్నాయి గదా, వేసేయండి" అన్నాను.

అన్నది నేనే. ఈ మాటను ఇంకెవరి మీదికైనా నెట్టాలని చాలా రోజులు చూశాను, కుదరలేదు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "ఏమబ్బా, పట్టపగలు మగ్గం గుంటలో నా కాళ్ళు నాకు కనపడ్డంలేదు. మిద్దె మీద ఏం చేసినావు?"

"లైటు వేసుకో అక్కా. ఇంక కరెంటు మనదే. పగలంతా వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు" అన్నాను ఉదారంగా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అక్క వెలుతురు తీసి అక్కకే బల్బు దానం చేశాను.

ఈ సంగతి బ్యాంకాయనకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత నవ్వడం మొదలుపెట్టి మలుగూరు దాకా ఆపలేదు. "అంటే సార్, ఇంట్లోకి వచ్చే సూర్యుణ్ణి పైనే ఆపి, వైరు కట్టి, గోడ చుట్టూ తిప్పి, బల్బులో పెట్టి లోపలికి పంపిస్తున్నారా?" అన్నాడు. అణుకేంద్రం ఉంటే ఈ బాధ లేదు గదా అని దానికొక తోక తగిలించాడు. నాకు రోషం వచ్చింది. బల్బు వెలుగు ఎండ కంటే నిలకడగా ఉంటుందని, మబ్బు పడితే గవాచి పనికి రాదని, పెనుకొండ వచ్చేదాకా వాదించాను. వాదన బాగానే కుదిరింది. నాకే ఆశ్చర్యం వేసింది.

మబ్బు సంగతి అటుంచితే, కరెంటు పోవడం ఒకటుంది. వీధిలో లైను పోయిందంటే మిద్దె మీది పలకలు కూడా పని ఆపేస్తాయి. లైను మీద పనిచేసే వాళ్ళకు షాక్ కొట్టకుండా అలా పెట్టారు, మంచిదే. కానీ దాని ఫలితం ఏమిటంటే, బయట వేరుశనగ కాయలు ఎండబెట్టుకునేంత ఎండ, మిద్దె మీద ఖాళీగా కూర్చున్న సోలార్, దాని కింద చీకట్లో చేతులు ముడుచుకుని మా అక్క. అలాంటి రోజు ఒకసారి నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.  అక్క కొవ్వొత్తి ఉందేమో చూడమంది.

పలకలు జరపమని కంపెనీకి ఫోన్ చేశాను. సబ్సిడీకి ఆ చోటు ఫోటో పైకి ఎక్కించేశాం సార్, కదిలిస్తే దరఖాస్తు మొదటి నుంచీ పెట్టుకోవాలి అన్నారు. సరేనని పెట్టేశాను. గట్టిగా అడిగి ఉంటే జరిపేవాళ్ళే. అడగలేదు. పలకలు కదిలితే రైల్లో బ్యాంకాయన గెలిచినట్టు అవుతుంది. నా భయం అది ఒక్కటే.

ఆ రోజుల్లో అక్క దగ్గర రెండు చీరల పట్టు ఉంది. ఒకటి వక్క రంగు, ఇంకొకటి వంకాయ రంగు, రెండూ ముదురు. రెండూ పెళ్ళి చీరలే, నిండా జరీ పని. ధర్మవరంలో అలాంటి చీరలు, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు అందరికీ ఇవ్వడు. చెయ్యి మీద నమ్మకం ఉన్న కొద్దిమందికే ఇస్తాడు. ఆ కొద్దిమందిలో ఉండటం తప్ప మా అక్క జీవితంలో ఇంకో గొప్ప చెప్పుకోలేదు.

మొదటి చీర అయ్యాక ఒక ఆదివారం నేనే సంచీ పట్టుకుని అక్క వెంట సావుకారు ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో తెల్లదుప్పటి పరిచి, ఎండలో చీర విప్పాడు. సగం చీర దాటాక ఆయన చెయ్యి ఆగింది. వక్క రంగు చీరలో అడ్డంగా జానెడు మేర వంకాయ రంగు పట్టీ. బల్బు వెలుగులో రెండు రంగుల దారమూ ఒకటిగా కనిపించి, దారం చుట్టిన కండెలు కలిసిపోయాయి. ఇంట్లో ఆ పట్టీ మాలో ఎవరికీ కనపడలేదు.

సావుకారు గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. "ఏమ్మా, కండ్లు కనపడ్డం లేదా? వయసైతాంది గదా. ఇంక జరీ పనులు వద్దులే. మామూలు చీరలు నేద్దువు."

"నా కండ్లు బాగానే ఉండాయి సావుకారా" అంది అక్క.  నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు. రైల్లో గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడే నేను, తప్పు నాదని చెప్పడానికి నాలుగు మాటలు లేనట్టు సంచీ మడతపెడుతూ నిలబడ్డాను. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. 

ఆ మాట రైల్లో మాత్రం నోరు జారింది. బ్యాంకాయన ఈసారి నవ్వలేదు. వచ్చే ఆదివారం నేనూ వస్తాను, చూద్దాం అన్నాడు. కోర్టులో గెలిచిన పొలాన్ని చూసుకోవడానికి వస్తున్నాడనే అనుకున్నాను. వచ్చాడు. మగ్గం ముందు నిలబడి, "చూడమ్మా, సోలార్ వాళ్ళు చెప్పే మాటలు ఇట్లాగే ఉంటాయి" అని మొదలుపెట్టాడు. నేను ఊరుకుంటానా. తప్పు పలకది కాదు, పెట్టిన చోటుది అన్నాను. ఆయన అణువులు తీశాడు, నేను చెత్త తీశాను. మా ఇద్దరి మధ్యలో గుంటలో కూర్చున్న అక్క దారం అటూ ఇటూ తోసే నాడె పక్కన పెట్టి రెండు కండెలు అరచేతిలో పెట్టుకుని పైకి చాపింది.

"ఇద్దరూ శానా చదువుకున్నోళ్ళు. వీటిలో వక్క రంగు యాదో చెప్పండి."

బల్బు వెలుగుతోంది. నేను వంగి చూసి కుడిది అన్నాను. బ్యాంకాయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూసి ఆయనా కుడిదే అన్నాడు. ఏళ్ళ తరబడి రైల్లో వాదించుకున్న మేమిద్దరం ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు. అక్క లేచి వాకిలి దగ్గరికి పోయి ఎండలో చెయ్యి పెట్టింది. కుడిది వంకాయ రంగు.

"బల్బు ఏ కరెంటుతో ఎలిగితే నాకేమి సారూ, బల్బు బల్బే" అంది బ్యాంకాయనతో. "నాకు పైనుంచి పడే ఎలుతురు గావల్ల. అది మా నాయన పెట్టినాడు. వీడు మూసినాడు."

వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ను పిలుచుకొచ్చాం. ఆ మధ్యాహ్నమే పలకలు విప్పించి ట్యాంకు పక్కకు జరిపించాం. బ్యాంకాయన చొక్కా విప్పి, బనియన్‌తోనే పలకకు ఒక కొస పట్టుకున్నాడు, ఇంకో కొస నేను పట్టుకున్నాను. దేశం కరెంటు కోసం మేమిద్దరం కలిసి చేసిన ఒకే ఒక పని ఇది. దీనివల్ల దేశానికి కరెంటు కొంచెం తగ్గింది, సాయంత్రాలు పలకల మీద ట్యాంకు నీడ పడుతుంది కాబట్టి. గవాచి అద్దాన్ని తడిగుడ్డతో నేనే తుడిచాను. కిందికి చూస్తే అక్క నడినెత్తి, నెరిసిన పాపిడి, చేతుల కింద దారాలు తేటగా కనిపించాయి. పైనుంచి ఆమెను చూడటం అదే మొదటిసారి.

ఇంక మిగిలింది సావుకారు. అది వాయిదా వేయడానికి నా దగ్గర ఏ వాదనా మిగల్లేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి, అక్కను వెంటబెట్టుకుని పోయాను. వాకిట్లోనే చెప్పేశాను. అక్క కళ్ళు బాగున్నాయి, మగ్గం మీది గవాచి మూసింది నేను, సోలార్ పలకలతో, అని.

సావుకారు లెక్కల పుస్తకం మూసి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నువ్వు పెనుకొండలో అయ్యవారివి గదప్పా?"

"అవును."

"పిల్లోళ్ళకి ఏం చెప్తావు?"

తప్పించుకునే దారి లేదు. "సైన్సు" అన్నాను.

"సైన్సులో ఏమి? ఇప్పుడు ఏ పాఠం జరగతాంది?"

"వెలుతురు" అన్నాను.

ఆయన లేచాడు. లోపలికి పోయి, కొత్త చీరకు పట్టూ, జరీ తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. జరీ పని, పెళ్ళి చీర.  అక్క దారం చివర పట్టుకుని, గడప దాటి ఎండలోకి చాపి, రంగు చూసుకుంటోంది.

"ఏమ్మా, ఒక్కటే మాట" అన్నాడు సావుకారు నన్ను చూపిస్తూ. "ఈ చీర అయ్యేదాకా ఈయప్పను మిద్దె ఎక్కనీయొద్దు."

"యాడెక్కుతాడు సావుకారా" అంది అక్క, దారం మీదినుంచి చూపు తిప్పకుండా. "నిచ్చెన పక్కింటోళ్ళకి ఇచ్చేసినా."